గేజీని నమ్మే ముందు నీళ్ల పైపును అడగండి

(అనంతపురంలో ఐటీఐ, డిప్లొమా విద్యార్థులు, మెకానిక్కులు, డ్రిప్పు రైతుల ముందు చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

మన పక్క పాత బావులున్న ఊళ్లలో పెద్దవాళ్లను అడగండి, ఒక సంగతి చెప్తారు. బావిలో నీళ్లు కిందికి పోయేకొద్దీ ఇంజన్‌ను కూడా బావిలోకి దించేవాళ్లు. గట్టు మీద పెడితే నీళ్లు ఎత్తదు. అందుకని బావి లోపల దిమ్మె కట్టి, దాని మీద ఇంజన్‌ను కూర్చోబెట్టి, ఏడు మీటర్ల లోపే నీళ్లు అందేలా చూసుకునేవాళ్లు. ఎంత పెద్ద ఇంజన్ తెచ్చినా ఈ కష్టం తప్పలేదు. ఎందుకంటే సక్షన్ పైపులో నీళ్లను పైకి తోసేది బావిలో నీళ్ల మీద కూర్చున్న గాలి. పంపు చేసేదల్లా పైపులో గాలిని తీసేసి దారి ఇవ్వడం. గాలికి ఎంత బలముంటే అంతవరకే నీళ్లు లేస్తాయి.

ఇటలీలో గెలీలియో కాలంలో కూడా పంపులు చేసేవాళ్లకు ఇదే తలనొప్పి. సుమారు పది మీటర్లు దాటితే పంపు నీళ్లు ఎత్తడం లేదని ఆయన 1638లో రాశాడు. తర్వాత ఆయన శిష్యుడు టోరిచెల్లి 1643లో నీళ్ల బదులు పాదరసం తీసుకున్నాడు. పాదరసం నీళ్లకంటే పదమూడున్నర రెట్లకు పైగా బరువు. పది మీటర్ల పైపు అవసరం లేకుండా మీటరు గాజు గొట్టంతో పని అయిపోయింది. పాదరసం 76 సెంటీమీటర్ల దగ్గర నిలబడింది. అదే మొదటి బారోమీటర్. 1648లో పాస్కల్ తన బావ పెరియే చేత ఆ గొట్టాన్ని ఫ్రాన్స్‌లో పుయ్ ద దోమ్ అనే కొండ మీదికి మోయించాడు. కొండ మీద పాదరసం 8 సెంటీమీటర్లకు పైగా దిగింది. పైకి పోతే మన మీద ఉండే గాలి తగ్గుతుందని అప్పుడు తేలింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, వాళ్ల దగ్గర సర్టిఫికెట్ ఉన్న గేజీ లేదు. ఒక గొట్టం, ఒక ద్రవం, ఒక కొలబద్ద ఉన్నాయి. ఈరోజు మీ దగ్గర కూడా ఆ మూడూ ఉన్నాయి, ఖర్చు కూడా తక్కువ. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ముల్లు కదిలినంత మాత్రాన అది కొలత కాదు. ఆ ముల్లును ఎత్తుతోనో, బరువుతోనో, వైశాల్యంతోనో, మరిగే నీళ్లతోనో ఒకసారి సరిచూస్తేనే అది కొలత అవుతుంది. ఈ నాలుగూ ఏ కంపెనీ చేతిలోనూ లేవు.

ముందు మన ఊరి లెక్క చూద్దాం. పుస్తకాల్లో గాలి ఒత్తిడి 1013 హెక్టోపాస్కల్ అని ఉంటుంది. అంటే 760 మిల్లీమీటర్ల పాదరసం. అది సముద్రమట్టం దగ్గర లెక్క. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ మామూలు రోజున ఒత్తిడి 970 దగ్గర తిరుగుతుంది. కర్నూలు ఇంకొంచెం కింద ఉంది, అక్కడ 980 దాకా ఉంటుంది. కడప ఇంకా కింద, 995 దాకా. ఒకే సెన్సర్‌ను బస్సులో పెట్టుకుని కడప నుంచి ఇక్కడికి వస్తే దాదాపు 24 తగ్గుతుంది. సెన్సర్ పాడైందని పారేయకండి, అది నిజమే చెప్తోంది.

ఇక్కడే చాలామంది పడిపోయే గుంట ఒకటుంది. వాతావరణ వార్తల్లో, విమానాశ్రయం రిపోర్టుల్లో ఒత్తిడి 1008 అనో 1010 అనో చెప్తారు. అది సముద్రమట్టానికి సర్దిన అంకె. దేశమంతా ఊళ్లను పోల్చి చూడటానికి అలా సర్దుతారు. మీ బల్ల మీది సెన్సర్ మాత్రం ఉన్నచోటి ఒత్తిడినే చూపిస్తుంది. ఆ 1010 చూసి సెన్సర్‌ను 1010కి తిప్పేస్తే 40 హెక్టోపాస్కల్ తప్పును మీ చేత్తోనే లోపల పెట్టినట్టు. అంకె ఎక్కడి నుంచి వచ్చినా, "ఇది ఉన్నచోటిదా, సముద్రమట్టానిదా?" అని ముందు అడగండి.

వాక్యూమ్ గేజీ వాడే ఏసీ మెకానిక్ తమ్ముళ్లకు దీంతో నేరుగా పని ఉంది. మీ గేజీ మీద సున్నా నుంచి మైనస్ 760 దాకా, లేదా 30 అంగుళాల దాకా గీతలుంటాయి. అనంతపురంలో గాలి మొత్తం కలిపితేనే సుమారు 728 మిల్లీమీటర్లు. ఉన్న గాలిని మించి తీసేయడం ఎవరి వల్లా కాదు. కాబట్టి ఇక్కడ ఏ గేజీ అయినా మైనస్ 760 చూపిస్తే ఆ గేజీ తప్పు. 728 దగ్గర ఆగితే పంపు బలహీనంగా ఉందని కస్టమర్ చేత కొత్త పంపు కొనిపించకండి.

ఇక నీళ్ల పైపు దగ్గరికి వద్దాం. మేస్త్రీలు లెవెల్ చూసుకునే పారదర్శకమైన పైపు ఉంది కదా, అదే మన ప్రయోగశాల. దాన్ని యూ ఆకారంలో వంచి బల్లకు కట్టి, సగం దాకా నీళ్లు పోసి, ఒక కొసను గాలికి వదిలేసి, రెండో కొసను కొలవాల్సిన చోటికి తగిలిస్తే అది మానోమీటర్. రెండు వైపులా నీళ్ల మట్టాల మధ్య తేడాయే ఒత్తిడి. ఒకవైపు ఎంత లేచిందో చూసి అదే కొలత అనుకుంటే సగమే వస్తుంది. ఇంకోవైపు అంతే దిగుతుంది కదా, ఆ దిగింది కూడా కలపాలి.

నీళ్లను కాచి చల్లార్చి పోయండి. లేకపోతే నీళ్లలో కరిగిన గాలి బుడగలై పైపు గోడలకు పట్టుకుంటుంది. ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేస్తే నీళ్లు గోడకు అంటుకోకుండా జారతాయి. రంగు కోసం కేసరిలో వేసే రంగు చిటికెడు చాలు. కంటిని నీటి మట్టానికి సరిగ్గా ఎదురుగా పెట్టి, నీటి ఉపరితలం వంపులో అడుగు భాగాన్ని చదవండి. చిన్న ఒత్తిడి కొలవాలంటే, ఉదాహరణకు కూలర్ ఫ్యాను ముందూ వెనకా తేడా, పైపును నిటారుగా కాకుండా ఏటవాలుగా పడుకోబెట్టండి. పది సెంటీమీటర్ల పొడవుకు ఒక సెంటీమీటరు లేచేలా వాలు పెడితే, ఒక మిల్లీమీటరు ఒత్తిడి మీకు సెంటీమీటరుగా కనిపిస్తుంది. అప్పుడు యూలో రెండో కాలు బదులు వెడల్పు సీసా పెట్టుకుంటే చదవడం ఇంకా తేలిక.

ఈ లెక్కలో ఎంత నిజముంది అని అడగొచ్చు. ఒక మీటరు నీళ్లంటే 9.807 కిలోపాస్కల్ అని పుస్తకం చెప్తుంది. (ఒక కిలోపాస్కల్ అంటే పది హెక్టోపాస్కల్.) అది 4 డిగ్రీల నీటికి, ప్రామాణిక గురుత్వానికి. మనకు నీళ్లు 30 డిగ్రీలు ఉంటాయి, అప్పుడు ఒక లీటరు 996 గ్రాములే తూగుతుంది. గురుత్వం కూడా మన అక్షాంశంలో 9.806 కాదు, 9.78. రెండూ కలిపితే అనంతపురంలో ఒక మీటరు నీళ్లు 9.74 కిలోపాస్కల్. తేడా నూటికి ఒకటి కూడా లేదు. అయినా ఈ 9.74 అనే అంకెను గోడ మీద రాసి పెట్టుకోండి. అంగట్లో దొరికే గేజీలో నూటికి రెండున్నర తేడాను మామూలుగా ఒప్పుకుంటారు. దాన్ని సరిచూసే నీళ్ల పైపు దానికంటే మెరుగ్గా ఉంది. నాకు ఈ విషయం ఎప్పుడు తలచుకున్నా సంతోషంగా ఉంటుంది.

దీంతో చేయగలిగిన అసలైన పని ఒకటి చెప్తాను. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరా, ఇంట్లో పెద్దవాళ్ల కోసమూ ముల్లున్న బీపీ మిషన్లు ఉంటాయి. ఒకసారి కింద పడితే చాలు, ముల్లు పది పదిహేను పక్కకు పోవచ్చు. దాన్ని నమ్మి మాత్రలు వేసుకుంటారు. 100 మిల్లీమీటర్ల పాదరసం అంటే మన 9.74 లెక్కన 137 సెంటీమీటర్ల నీళ్లు. 200 అంటే 2 మీటర్ల 74. మిద్దె మెట్ల పక్కన గోడకు మూడు మీటర్ల టేపు నిలువుగా అంటించండి. ఒక కూల్‌డ్రింక్ సీసా తీసుకోండి. గ్యాసు డ్రింకు సీసాయే కావాలి, అది ఒత్తిడికి తట్టుకుంటుంది. మామూలు నీళ్ల సీసా వద్దు. మూతకు రెండు రంధ్రాలు చేసి రెండు పైపులు దూర్చి ఎం-సీల్‌తో బిగించండి. ఒక పైపు సీసా అడుగు దాకా నీళ్లలో మునగాలి, దాని రెండో కొస గోడ వెంట పైకి పోతుంది. రెండో పైపు నీళ్లకు పైనే ఆగాలి. దాన్ని ఒక టీ ఆకారపు జాయింటు పెట్టి బీపీ మిషన్ గేజీకీ, రబ్బరు బల్బుకీ తగిలించండి. బల్బు నొక్కితే సీసాలో గాలి నీళ్లను పైపులో పైకి తోస్తుంది. సీసాలో ఉన్న నీటి మట్టం నుంచి పైపులో నీళ్లు లేచిన చోటి దాకా కొలవండి. టేపు సున్నా అక్కడే ఉండాలి, నేల మీద కాదు.

137 సెంటీమీటర్ల దగ్గర నీళ్లను నిలబెట్టి ముల్లు చూడండి. 100 మీద 3 అటూ ఇటూ ఉంటే మంచి మిషనే. 8, 10 తేడా ఉంటే దాన్ని పక్కన పెట్టండి. ఒక్క చోట చూసి వదిలేయకండి. 40, 80, 120, 160, 200 దగ్గర పైకి పోతూ చదవండి, మళ్లీ దిగుతూ చదవండి. కొన్ని గేజీలు పైకి పోయేటప్పుడు ఒక అంకె, దిగేటప్పుడు ఇంకో అంకె చూపిస్తాయి. లోపలి రేకు అలసిపోతే అలా అవుతుంది. సున్నా దగ్గరే తేడా ఉండి అన్నిచోట్లా అంతే తేడా ఉంటే ముల్లు జరిగిందన్నమాట, చదివిన అంకెలోంచి ఆ తేడాను తీసివేసి వాడుకోవచ్చు. పైకి పోయేకొద్దీ తేడా పెరుగుతుంటే అది వేరే జబ్బు. ఈ రెండింటినీ విడదీసి చూడటమే క్యాలిబ్రేషన్‌లో, అంటే గేజీని తెలిసిన కొలతతో సరిచూడటంలో, సగం పని.

(సభలో ఒక రైతు: సార్, మా డ్రిప్పుకు పది కేజీల గేజీ ఉంది. అంత ఒత్తిడికి నీళ్ల పైపు సాల్దు కదా సార్?)

బాగా అడిగారన్నా. ఒక కేజీ, అంటే ఒక చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో బరువు, దానికి పది మీటర్ల నీళ్లు కావాలి. మెట్ల పక్కన అంత పైపు కట్టలేం. కానీ మీ ఊళ్లో ఓవర్‌హెడ్ ట్యాంకు ఉందా? ఉంటే అదే మీ మానోమీటర్. ట్యాంకులో నీటి మట్టం నుంచి మీ కొళాయి దాకా నిలువు ఎత్తు కొలవండి, తాడుకు రాయి కట్టి వదిలినా సరిపోతుంది. ఆ కొళాయికి గేజీ బిగించి, ఆ లైన్లో నీళ్లు ఎక్కడా పారకుండా అన్నీ కట్టేసి చదవండి. నీళ్లు పారుతుంటే పైపు రాపిడిలో ఒత్తిడి పోతుంది, లెక్క తప్పుతుంది. పన్నెండు మీటర్ల ఎత్తుంటే గేజీ 1.2 చూపించాలి.

ఇంకో మాట. మీకు డ్రిప్పులో కావాల్సింది ఒక కేజీ చుట్టుపక్కల. మీకిచ్చింది పది కేజీల గేజీ. గేజీ మీద 2.5 అని చిన్నగా రాసి ఉంటే, తప్పు పూర్తి స్కేలు మీద నూటికి రెండున్నర అని అర్థం. పది మీద అంటే పావు కేజీ. ఒక కేజీ కొలిచేచోట పావు కేజీ తప్పంటే నాలుగో వంతు. నాలుగు కేజీల గేజీ కొంటే అదే తప్పు పదో వంతుకు దిగుతుంది. రెండున్నర కేజీల గేజీ అయితే ఇంకా మేలు. ముల్లు స్కేలు మధ్యలో తిరిగే గేజీ కొనండి, ధరలో పెద్ద తేడా ఉండదు. ఫిల్టరుకు ముందూ వెనకా రెండు గేజీలుంటే వాటి తేడా చూసి ఫిల్టరు కడుగుతారు కదా. తేడా అరకేజీ దాకా వస్తే కడగాలి. ఆ రెండు గేజీలే పావు కేజీ చొప్పున తప్పు చెప్తుంటే తేడా ఎంతో మీకు తెలిసేదెలా? నెలకోసారి రెండింటినీ అటుది ఇటు, ఇటుది అటు మార్చి పెట్టండి. తేడా అలాగే ఉంటే గేజీలు సరే. గేజీతో పాటు తేడా కూడా జరిగితే తప్పు గేజీలోనే ఉంది. దీనికి రూపాయి ఖర్చు లేదు. చీనీ (బత్తాయి) చెట్టుకు ఏ వరుసలో నీళ్లు అందలేదో తెలుసుకోవడానికి ఇది చాలా పనికొస్తుంది.

ట్యాంకు కూడా చాలని ఒత్తిడికి బరువును వాడతారు. పెద్ద ల్యాబుల్లో డెడ్ వెయిట్ టెస్టర్ అంటారు. తెలిసిన వైశాల్యం ఉన్న పిస్టన్ మీద తెలిసిన బరువు పెడితే కింద ఒత్తిడి ఎంతో లెక్కకు వస్తుంది. దాని సూత్రం మీ వంటింట్లో రోజూ పనిచేస్తోంది. ఇదిగో, ఈ కుక్కర్ వెయిట్ చూడండి. (ఎత్తి చూపించారు.) ఇది మూత మీద చిన్న రంధ్రాన్ని మూసి కూర్చుంటుంది. లోపలి ఆవిరి ఈ బరువును ఎత్తగలిగినప్పుడు విజిల్ వస్తుంది. రంధ్రం వ్యాసం 3 మిల్లీమీటర్లు అనుకుంటే వైశాల్యం 0.07 చదరపు సెంటీమీటరు. ఒక కేజీ ఒత్తిడి దగ్గర ఎత్తాలంటే వెయిట్ 70 గ్రాములుండాలి. బంగారం అంగడి త్రాసులో తూచి, రంధ్రాన్ని వెర్నియర్‌తో కొలిచి మీ కుక్కర్ ఎంత ఒత్తిడి దగ్గర విజిల్ వేస్తుందో లెక్క కట్టండి. నిజానికి వెయిట్ రంధ్రం అంచు మీద కాస్త వెడల్పుగా కూర్చుంటుంది కాబట్టి లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది. అయినా ఒక పూటలో చేయదగ్గ మంచి పాఠం ఇది. ఒక్క విషయం గట్టిగా చెప్తున్నాను, వెయిట్ బరువు పెంచడం, మీద ఇంకేదైనా పెట్టడం మాత్రం చేయకండి.

ఇదే పని సిరంజితో చేయొచ్చు. గాజు సిరంజి దొరికితే ఇంకా మంచిది, పిస్టన్ రాపిడి తక్కువ. లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లు ఉంటే వైశాల్యం 1.77 చదరపు సెంటీమీటర్లు. నిలబెట్టి మీద కిలో బరువు పెడితే 0.57 కేజీ ఒత్తిడి. రబ్బరు పిస్టన్ అయితే గోడకు పట్టుకుంటుంది. దానికి మందు ఏమిటంటే, పిస్టన్‌ను వేళ్లతో మెల్లగా తిప్పుతూ ఉండటం. తిరుగుతున్నప్పుడు నిలువు రాపిడి దాదాపు పోతుంది. పెద్ద ల్యాబుల్లో కూడా డెడ్ వెయిట్ టెస్టర్ పిస్టన్‌ను తిప్పే వాడతారు. బరువు పైనుంచి కిందికి దిగుతున్నప్పుడు ఒకసారి, కింది నుంచి నెమ్మదిగా లేచేటప్పుడు ఒకసారి చదివి సగటు తీసుకోండి. లోపల గాలి బదులు నూనె నింపితే లీకు తక్కువ, ప్రమాదమూ తక్కువ. ఏ పాత్రనైనా ఒత్తిడి పరీక్ష చేయాల్సి వస్తే నీళ్లతోనో నూనెతోనో చేయండి. పీవీసీ పైపులో గాలి నింపి పరీక్ష చేయడం వద్దే వద్దు. నీళ్ల పైపు పగిలితే తడుస్తారు, గాలి పైపు పగిలితే ముక్కలు బుల్లెట్‌లా వస్తాయి.

ఇప్పుడు వాక్యూమ్ వైపు పోదాం. ఇక్కడ కూడా నీళ్ల పైపే మొదటి గురువు. పైపు కింది కొసను బకెట్‌లో ముంచి, పైకొసను పంపుకు తగిలిస్తే నీళ్లు లేస్తాయి. ప్రతి మీటరుకూ 9.74 కిలోపాస్కల్ వాక్యూమ్. మధ్యలో ఒక ఖాళీ సీసా పెట్టండి, నీళ్లు పంపులోకి పోకుండా. పాలు పితికే మిషన్లు పెట్టుకున్న డైరీవాళ్లు ఈ సభలో ఉంటే శ్రద్ధగా వినండి. ఆ మిషన్లు సాధారణంగా 42 నుంచి 50 కిలోపాస్కల్ వాక్యూమ్ మీద నడుస్తాయి. గేజీ తప్పుచెప్పి వాక్యూమ్ ఎక్కువైతే ఆవు చనులు దెబ్బతింటాయి, పొదుగు వాపు వస్తుంది. తక్కువైతే కప్పులు జారిపోతాయి. 45 కిలోపాస్కల్ అంటే 4 మీటర్ల 62 సెంటీమీటర్ల నీళ్లు. మిద్దె మీద నుంచి కిందికి పైపు వేలాడదీస్తే ఆ లెక్క చూసేయొచ్చు. నీళ్లు పైకి లేచేకొద్దీ బుడగలు వస్తాయి, పైపును వేలితో తడుతూ ఉండండి.

పంపు కోసం డబ్బులు పెట్టక్కర్లేదు. పాత ఫ్రిజ్ కంప్రెసర్ సక్షన్ వైపు తగిలిస్తే చదువుకునే పిల్లలకు చాలినంత వాక్యూమ్ వస్తుంది. కుక్కర్ లాంటి గట్టి లోహపు గిన్నెనే వాక్యూమ్ పాత్రగా వాడండి. గాజు జాడీ వద్దు. పది సెంటీమీటర్ల వ్యాసం ఉన్న మూత మీద లోపల గాలి లేకపోతే పైనుంచి సుమారు 78 కిలోల తోపు పడుతుంది. గాజు ఉన్నట్టుండి లోపలికి కుప్పకూలితే ముక్కలు ముఖం మీదికి వస్తాయి. తప్పనిసరైతే కళ్లద్దాలు పెట్టుకుని, జాడీ చుట్టూ మందం గుడ్డ చుట్టి వాడండి.

నీళ్ల పైపు ఎంత పొడవున్నా ఒక హద్దుంది. ఒత్తిడి బాగా తగ్గితే నీళ్లే మరుగుతాయి. 30 డిగ్రీల నీళ్లు 42 హెక్టోపాస్కల్ దగ్గర పొయ్యి లేకుండానే మరిగిపోతాయి. 25 డిగ్రీల నీళ్లకు 32, 20 డిగ్రీల నీళ్లకు 23. ఈ హద్దునే కొలబద్దగా మార్చుకోవచ్చు. చిన్న గిన్నెలో నీళ్లు, అందులో థర్మామీటర్, ఒక ఇటుక ముక్క వేసి పాత్రలో పెట్టి గాలి లాగండి. ఇటుక ముక్క లేకపోతే నీళ్లు మరగాల్సిన చోట మరగకుండా ఆగి ఒక్కసారిగా ఎగిసిపడతాయి. మరుగుతున్నప్పుడు నీళ్లు చల్లబడిపోతాయి కాబట్టి గది ఉష్ణోగ్రత కాదు, ఆ క్షణంలో నీళ్లది చదవాలి. ఆ డిగ్రీకి నీటి ఆవిరి ఒత్తిడి పట్టికలో ఏ ఒత్తిడి ఉందో ఆ సమయంలో పాత్రలో ఉన్నది అదే. మీ గేజీ ఏం చెప్తోందో పక్కన రాసుకోండి. ఆవిరి పంపులోకి పోయి నూనెను పాడుచేస్తుంది కాబట్టి పని త్వరగా ముగించండి. ఇదే లెక్కను తిరగేసి కూడా వాడొచ్చు. మామూలుగా గిన్నెలో నీళ్లు కాచినా అనంతపురంలో 100 డిగ్రీల దగ్గర మరగవు, 98.8 దగ్గర మరుగుతాయి. పూర్వం కొండల ఎత్తు కొలవడానికి ఇలా నీళ్లు కాచి చూసేవాళ్లు.

ఇంతకంటే లోతైన వాక్యూమ్‌కు, ఏసీ పనిలో మైక్రాన్లు అంటారే, అక్కడ ముల్లు గేజీ ఏమీ చెప్పలేదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరు పాదరసంలో వెయ్యో వంతు. 500 మైక్రాన్ల దాకా లాగాలంటే 0.5 మిల్లీమీటర్లు. 728 మిల్లీమీటర్ల గేజీ మీద అర మిల్లీమీటరు ఎక్కడ కనిపిస్తుంది? అక్కడ పిరానీ గేజీ లాంటివి కావాలి, అవి వేడి తీగ నుంచి గాలి ఎంత వేడి తీసుకుపోతోందో చూసి చెప్తాయి. వాటిని సరిచూడటానికి బాయిల్ సూత్రం ఉంది. వేడి మారకుండా ఉంటే, గాలికి చోటు ఎన్ని రెట్లు పెరిగితే ఒత్తిడి అన్ని రెట్లు తగ్గుతుందనేదే అది. తెలిసిన చిన్న పాత్రలో తెలిసిన ఒత్తిడి గల గాలిని పట్టి, దాన్ని బాగా ఖాళీ చేసిన పెద్ద పాత్రలోకి వదలండి. 50 మిల్లీలీటర్ల గాలి 5 లీటర్ల పాత్రలోకి పరుచుకుంటే మొత్తం 5,050 మిల్లీలీటర్లు, అంటే ఒత్తిడి 101వ వంతుకు పడుతుంది. 970 కాస్తా 9.6 అవుతుంది. మళ్లీ అందులోంచి కొంచెం పట్టి ఇంకో పాత్రలోకి వదిలితే ఇంకా కిందికి. పాత్రల పరిమాణం తెలియాలంటే నీళ్లు నింపి తూచండి, గ్రాముకు ఒక మిల్లీలీటరు. పెద్ద పెద్ద కొలతల సంస్థల్లో వాక్యూమ్ ప్రమాణం తయారుచేసే పద్ధతుల్లో ఇదొకటి. మన దేశంలో ఆ ప్రమాణాలు ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ దగ్గర ఉంటాయి. ఇందుకు పెద్ద పాత్ర ముందే బాగా ఖాళీ కావాలి కాబట్టి ఫ్రిజ్ కంప్రెసర్ చాలదు, ఏసీ వాళ్ల రెండు దశల రోటరీ పంపు కావాలి. 1874లో మెక్‌లియాడ్ చేసిన గేజీ కూడా బాయిల్ సూత్రం మీదే నడుస్తుంది, కానీ అందులో పాదరసం ఉంటుంది. పాదరసం ఆవిరి ఒంట్లోకి పోతే నరాలకు హాని. మన గదుల్లో అది వద్దు.

సెన్సర్ల గురించి క్లుప్తంగా చెప్తాను. బీఎంపీ 280 అనే చిన్న సెన్సర్ 300 నుంచి 1100 హెక్టోపాస్కల్ దాకా కొలుస్తుంది. అసలు అంకెలో ఒకటి అటూ ఇటూ ఉన్నా, మార్పును మాత్రం చాలా నిక్కచ్చిగా పట్టుకుంటుంది. మన ఎత్తులో తొమ్మిది మీటర్లు ఎక్కితే ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది, కాబట్టి మూడంతస్తుల మిద్దె ఎక్కితే అది చెప్పేస్తుంది. గుత్తి కోట ఎక్కేటప్పుడు ఒకసారి చేతిలో పట్టుకుని చూడండి. ఎంపీఎక్స్ 5010 అనేది రెండు చోట్ల ఒత్తిడి మధ్య తేడాను 10 కిలోపాస్కల్ దాకా కొలిచే సెన్సర్, అంటే మన మీటరు నీళ్ల పైపుకు సరిగ్గా జోడీ. 5 వోల్టులిస్తే సున్నా దగ్గర 0.2 వోల్టు, పది దగ్గర 4.7 వోల్టులు వస్తాయి. 50 సెంటీమీటర్ల నీళ్లు పెడితే 2.39 వోల్టులు రావాలి. ఈ వోల్టులను చదివే ఆర్డుయినో అనే చిన్న బోర్డులో ఒక్కో మెట్టు ఒక మిల్లీమీటరు నీటికి కాస్త పైన వస్తుంది. ఈ సెన్సర్ చదివిన అంకెలను పైపు అంకెలతో పది చోట్ల జత చేసి గ్రాఫ్ కాగితం మీద గీయండి. ఆ గీతే మీ క్యాలిబ్రేషన్ పట్టిక. కంపెనీ ఇచ్చిన సూత్రం ముఖ్యం కాదని అనను, కానీ మీ చేతిలో ఉన్న ముక్కకు మీ గీతే ఎక్కువ నిజం.

గాలిని సిరంజితో నొక్కి సెన్సర్ పరీక్ష చేసేవాళ్లు ఒక నిమిషం ఆగి చదవండి. నొక్కిన గాలి వేడెక్కుతుంది, అది చల్లబడేదాకా అంకె పడిపోతూనే ఉంటుంది. దాన్ని లీకు అనుకుని పైపులన్నీ విప్పేసినవాళ్లు ఉన్నారు.

(సభలో ఒక విద్యార్థిని: సార్, మా దగ్గర పైపు కూడా కట్టే స్థలం లేదు, హాస్టల్ గది. సెన్సర్ సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?)

గది చాలమ్మా. సెన్సర్‌ను కిటికీ పక్కన పెట్టి పది నిమిషాలకోసారి అంకె రాసేలా పెట్టు. మన లాంటి వేడి ప్రాంతాల్లో గాలి ఒత్తిడి రోజుకు రెండుసార్లు లేచి రెండుసార్లు దిగుతుంది. ఉదయం పది దగ్గర, రాత్రి పది దగ్గర పైన ఉంటుంది. తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతంలో కింద ఉంటుంది. పగటి తేడా మూడు నాలుగు హెక్టోపాస్కల్ దాకా ఉంటుంది. తుఫాను లేని రోజున నీ గీతలో ఆ రెండు అలలు కనిపిస్తే సెన్సర్ మార్పును సరిగ్గా పట్టుకుంటోందన్నమాట. గీత అడ్డంగా చదునుగా వస్తే సెన్సర్ మార్పును పట్టుకోవడం లేదు. అల మధ్యాహ్నం ఎండతో పాటే లేచి పడుతుంటే సెన్సర్ వేడికి మోసపోతోంది, దాన్ని నీడకు మార్చు. అసలు అంకె కోసం ఇక్కడి వాతావరణ శాఖ అబ్జర్వేటరీలో ఉన్నచోటి ఒత్తిడి ఎంతో అడిగి రాసుకో. సముద్రమట్టానిది ఇస్తే తీసుకోకు. అబ్జర్వేటరీకీ నీ హాస్టల్‌కీ ఎత్తు తేడా తెలుసుకుని, తొమ్మిది మీటర్లకు ఒకటి చొప్పున సర్దుకో. ఉదయం పదికి ఒకసారి, సాయంత్రం నాలుగుకు ఒకసారి పోల్చి చూడు. రెండుసార్లూ తేడా ఒకేలా ఉంటే ఆ అంకెను కోడ్‌లో కలిపేయి. తారీఖు సెన్సర్ మీదే చిన్న చీటీ అంటించి రాయి, ఆరు నెలలకు మళ్లీ చూసుకోవాలి కదా.